రాచ్చిప్పలో నిమ్మళం

కరుణాకర్ గుండెపోటుతో పోయాడని డాక్టరు కాగితం రాసిచ్చాడు. యాభై రెండేళ్ల మట్టి శాస్త్రవేత్త. రోజూ పొద్దున్నే జూపాడు బంగ్లా కాలవగట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి. ఆ గట్టు మీదే కూలిపోయాడు. పక్కన సగం తాగిన మజ్జిగ సీసా దొరికింది. డాక్టరు రాసింది అబద్ధం కాదు, గుండె ఆగిన మాట నిజమే. ఆపింది మజ్జిగ అన్న సంగతి ఆయనకు తెలియదు, అంతే.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి నంద్యాల బస్టాండు ఎదుటి ఉగ్గాని హోటల్లో పార్థు మూల బల్ల వెతుక్కున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని కోడ్ ప్రకారం అడిగాడు, "మహానంది బస్సు పోయిందా?" అని. ఆ పెద్దమనిషి బస్సుల వేళలన్నీ ఓపిగ్గా చెప్పి, ఆటోలో పోతే ఎంత తీసుకుంటారో కూడా చెప్పి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. వెనక బల్ల మీంచి దగ్గు వినిపించింది.

"పోయింది. కండక్టరు మిగిలాడు," అన్నాడు చక్రపాణి.

చక్రపాణి చీఫ్. ఢిల్లీలో ఏ బోర్డూ లేని ఒక ఆఫీసుకు ఆయన అధిపతి. మిరపకాయ బజ్జీని మధ్యకు విరిచి, లోపల ఏదో ఫైలు ఉన్నట్టు పరీక్షగా చూసి, నోట్లో పెట్టుకున్నాడు.

"కరుణాకర్ ఆఖరి టెస్ట్ రిపోర్ట్. బండి ఆత్మకూరు. ఒకే ఒక్క వరి మడి. మీథేన్ సున్నా."

"సున్నా అంటే?"

"నీళ్లు నిలిచిన ప్రతి వరి మడిలోనూ బురద కుళ్ళి మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించే గ్యాస్. ఆ మడిలో పుట్టదు. బురదలో ఏదో సూక్ష్మజీవి ఉంది, పుట్టనివ్వదు. దాన్ని వేరు చేసి పెంచింది ఒక అమ్మాయి. కంపెనీ పెడుతోంది."

"ముఠా?"

"కొంగ."

ఆ పేరు పార్థుకు తెలుసు. నాలుగు దేశాల్లో ఆఫీసులున్న విత్తన దొంగల ముఠా. మడిలో ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, అదను చూసి ముక్కుతో పొడుస్తుంది కాబట్టి ఫైల్లో ఆ పేరు పెట్టారు. సరుకు దొంగిలించి, బయటి దేశంలో పేటెంట్ రాయించుకుని, కనిపెట్టిన వాళ్లనే కోర్టుకీడ్చడం వాళ్ల వ్యాపారం. కావలసింది చేతికొచ్చాక, అది రిపోర్టయినా సరుకైనా, సాక్షుల్ని మిగల్చకపోవడం వాళ్ల పద్ధతి.

"నువ్వు అభిషేక్‌వి. బెంగళూరు. స్టార్టప్ మెంటర్‌వి. ఆ అమ్మాయి కంపెనీ నిలబడాలి. కొంగ వాలాలి. నువ్వు పట్టుకోవాలి. ఇంకొకటి, నీ సీమ యాస నోట్లోంచి బయటికి రాకూడదు. అహోబిలం అర్చకుల పిల్లవాడివని తెలిస్తే మూడు రోజుల్లో నీ ముత్తాతల దాకా లాగుతారు."

"చేయిదాటితే?"

"మదర్ కల్చర్, అంటే ఆ జీవి మూల విత్తనం, దేశం దాటకూడదు. వెనక్కి తెచ్చుకోలేకపోతే, ఉంచకూడదు." చక్రపాణి జేబులోంచి ఒక పెన్ను, ఒక గడియారం, మందపాటి ఫోను కవరు తీసి బల్ల మీద పెట్టాడు. పెన్నులో కెమెరా. గడియారంలో సిగ్నల్. ఫోను కవరు స్కానర్, చెక్కపెట్టె లోపల ఏముందో చూపిస్తుంది. బిల్లు మాత్రం పార్థు వైపు తోసి లేచాడు.

*

అమృతకు ఇరవై తొమ్మిదేళ్లు. మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ సగంలో వదిలి సొంతూరు వచ్చేసింది. ఎందుకు వదిలావంటే, తనకు కావలసిన ప్రశ్న లైబ్రరీలో లేదు, అమ్మ మడిలో ఉందని చెప్పేది. చిన్నప్పుడు కలుపుకు దిగినప్పుడు ఏ మడిలో కాలు పెట్టినా బురదలోంచి బుడబుడమని బుడగలు లేచేవి. కాలవ పక్కనున్న ఒక్క మడిలో లేచేవి కావు. వాళ్లమ్మ కమలాక్షమ్మ దాన్ని నిమ్మళం మడి అనేది. అందరూ విని మరిచిపోయిన మాటను అమృత ఒక్కతే పట్టుకుంది. పదేళ్లు పట్టుకునే ఉంది.

నంద్యాలలో మూతబడిన ఎరువుల కొట్టు అద్దెకు తీసుకుని, ఒక ఫ్రిజ్, రెండు బల్లలు వేసి, పైన 'నిమ్మళం' అని బోర్డు కట్టింది. పార్థు వెళ్ళేసరికి ఆ కంపెనీలో ఉద్యోగులు లేరు, కస్టమర్లు లేరు, ఇన్వెస్టర్లకు చూపించే నలభై స్లైడ్ల పిచ్ డెక్ మాత్రం ఉంది. అతను దాన్ని తొమ్మిది స్లైడ్లకు కోశాడు. రైతులకు కార్బన్ క్రెడిట్ అనవద్దు, దిగుబడి తగ్గదని ముందు చెప్పమన్నాడు. హైదరాబాదులో ఒక ఇన్వెస్టర్ అంతా విని, యాప్ ఉందా అని అడిగాడు. ఇంకొకాయన ఆ సూక్ష్మజీవికి ఏఐ తగిలించొచ్చా అన్నాడు. తిరుగు రైలు కర్నూలు దాటింది.

"ఒక్క వాక్యంలో చెప్పు, నువ్వు అమ్మేదేంటి?" అన్నాడు పార్థు.

ఆమె కిటికీలోంచి మళ్ల వంక చూసింది. "మా మడి బుస కొట్టదు," అంది. పదో స్లైడు అదే అయింది.

సూక్ష్మజీవిని బతికించడం పెద్ద యాతన. స్టీలులో చచ్చేది, ప్లాస్టిక్కులో చచ్చేది. విసుగెత్తి ఒకరోజు వాళ్లమ్మ పులుసు కాచే రాచ్చిప్పలో, ఆ రాతి గిన్నెలో, బురద వేసి నీళ్లు నింపి మూత పెట్టి మైనం పోస్తే బతికింది. గాలి మాత్రం తగలకూడదు. తగిలితే ఐదు నిమిషాల్లో నల్లటి బురద గోధుమరంగుకు తిరుగుతుంది, ఇక అది వట్టి మట్టి. ఆ రాచ్చిప్ప మీద అమృత చీటీ అంటించింది, 'నిమ్మళం - తల్లి' అని. అది ఎక్కడుంటుందో తల్లీకూతుళ్లకూ పార్థుకూ తప్ప తెలియదు. ఇంట్లో వడ్ల గాదె అడుగున.

రహస్యం కాపాడటం పార్థు డ్యూటీ. కంపెనీ గడప తొక్కిన ప్రతివాడి చేతా ఎన్‌డీఏ సంతకం పెట్టించాడు. చివరికి కమలాక్షమ్మ చేత కూడా. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, ఇదేందని అడిగితే, మడి సంగతి ఎవరికీ చెప్పకూడదని రాసుందని అమృత చెప్పింది. నేనెవురికి చెప్తానే అంటూ ఆమె బుద్ధిగా పేరు రాసింది. అప్పుడే పక్కింటామె చేతిలో గిన్నె పట్టుకుని వచ్చింది, పెరుక్కి తోడు కావాలని. కమలాక్షమ్మ సంతకం సగంలో ఆపి లేచింది. తోడు అడిగిన వాళ్లను వట్టి గిన్నెతో పంపితే మన కుండలో పాలు తోడుకోవని ఆమె నమ్మకం. గిన్నె నిండా వేసి పంపి, వచ్చి మిగతా సగం రాసింది.

ఆ పూట పార్థు రిపోర్టులో అన్నీ రాశాడు. వచ్చిపోయిన వాహనాల నంబర్లు, ఫోన్ కాల్స్, సంతకాలు. పెరుగు గిన్నె సంగతి రాయలేదు. పెరుగు గిన్నెల గురించి ఏ ట్రైనింగులోనూ చెప్పరు కదా.

సెప్టెంబరులో ఒక సాయంత్రం అమృత అతని బూట్లు విప్పించి మడిలోకి దింపింది. ముందు పక్క మడి. అడుగు పడగానే పిక్కల దాకా బుడగలు. తర్వాత నిమ్మళం మడి. బురద మెత్తగా, చల్లగా, చప్పుడు లేకుండా కాలిని లోపలికి తీసుకుంది. ముప్పై ఆరేళ్ల వయసులో, ఏడు పేర్లతో పదకొండు ఊళ్లలో బతికిన మనిషికి, ఒక చోట నిలబడితే ఇలా ఉంటుందా అనిపించింది.

"ఈడ ఏం లేదే," అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అమృత తలెత్తి చూసింది.

"బెంగళూరోళ్లకు ఈడ అనేది యాడ నుంచి వచ్చె?"

"మీ దగ్గరే నేర్చుకున్నా."

ఆమె నమ్మింది. నమ్మి నవ్వింది. అబద్ధాలు చెప్పడం అతని వృత్తి, ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ సాయంత్రం సిగ్గుపడ్డాడు. గట్టు మీద కాళ్లు కడుక్కుంటూ, మొదటి పదిమంది రైతులు ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున నిన్ను ఒక మాట అడగాలి అభీ, అని ఆమె అంది. ఏం మాటో ఇద్దరికీ తెలుసు. దానికి తన జవాబేమిటో కూడా పార్థుకు తెలుసు. ఆ జవాబు చెప్పాల్సింది అభిషేక్, వాడేమో లోకంలోనే లేడు. అదొక్కటే అడ్డం.

*

శ్రీహిత వచ్చింది ఏడో నెలలో. సింగపూర్ క్లైమేట్ ఫండ్‌లో పెట్టుబడులు చూసే ప్రిన్సిపల్. కరెంటు కారు, నల్లద్దాలు, ముదురు నెమలిరంగు పట్టుచీర, దాని కింద పొలంలో తిరిగే బూట్లు. ఆమె దిగితే ఎరువుల కొట్టు వీధిలో టీ బంకు కూడా కాసేపు ఆగిపోయింది. డెక్ చూసింది, మంచి ప్రశ్నలు వేసింది, యాప్ ఊసెత్తలేదు. అమృత ముఖం వెలిగిపోయింది. పార్థు మాత్రం పెన్ను కెమెరా ఆమె వైపు తిప్పాడు.

వెళ్ళేముందు ఆమె అతని పక్కగా వచ్చి, "మహానంది బస్సు పోయిందా?" అంది.

ఆ రోజే ఎన్‌క్రిప్టెడ్ లైన్లో చక్రపాణిని అడిగాడు. చీఫ్ గొంతులో తడబాటు లేదు. "కోడ్ నేమ్ మైనా. రెండేళ్లుగా కొంగ లోపల ఉంది. మన మనిషి. పూర్తిగా సహకరించు."

సహకరించాడు. శాంపిల్ ఎక్కడ, మడి హద్దులేవి, రాచ్చిప్ప ఏ గాదెలో, అన్నీ చెప్పాడు. కాపలా కట్టుదిట్టం చేయాలంటే తెలియాలి కదా అని ఆమె అడిగింది, న్యాయమే అనిపించింది. దొంగ చేతికి తాళాలిచ్చినవాడు పార్థు. ఈ కథలో అతనికి దయ చూపించాలనుకునే వాళ్లు ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అక్టోబరు రెండో సోమవారం పొద్దున ఏడింటికి అమృత ఫోను చేసింది. గొంతులో ఏమీ లేదు, వట్టి మాటలున్నాయి. మడిలో ఎవరో పురుగుల మందు పోశారు. కొట్టులో ఫ్రిజ్ శాంపిళ్లన్నిటిలో బ్లీచింగ్ కలిపారు. గాదెలో రాచ్చిప్ప లేదు.

అతను వెళ్ళేసరికి ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. మడి నీళ్ల మీద చచ్చిన నత్తలు తేలుతున్నాయి. అమృత ఏడవలేదు. అతన్ని చూసి, తాళం గాదెకే ఉండె, నువ్వూ నేనూ అమ్మ తప్ప ఎవురికి తెలుసు, అని అడిగింది. అనుమానించి అడిగింది కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. అది మరీ కష్టంగా ఉంది.

అప్పటికే శ్రీహిత కూడా వచ్చింది. అమృతను కావలించుకుని వీపు నిమిరింది. పార్థును పక్కకు పిలిచి, "హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్. మధ్యాహ్నం ఫ్లైట్. నాకిప్పుడే ఇన్ఫర్మేషన్ వచ్చింది. పరిగెత్తు," అంది.

ఫ్లైట్ వివరాల కాగితం కోసం ఆమె కారులోకి వంగినప్పుడు పార్థుకు సీటు కింద కాళ్ల పట్టా మీద పొడి కనిపించింది. నల్లగా, కొంచెం పచ్చగా మెరిసే మెత్తటి పొడి. వేలితో రాస్తే జారింది. నంద్యాలలో తెల్లరాతి దుమ్ము ఏ వీధిలోనైనా దొరుకుతుంది. ఇది ఆ రాయి కాదు. చిన్నప్పుడు నాయన వెంట విగ్రహాలు చూడటానికి ఆళ్ళగడ్డ పోయి వస్తే, ఆయన పంచె అంచుకు పది రోజుల దాకా ఈ పొడే వదిలేది కాదు.

రాతి గిన్నెను దాచాలంటే రాళ్ల మధ్య దాచాలి. విమానమెక్కించి ఎవరు దాస్తారు? చక్రపాణికి తెలియకుండా మైనా ఎప్పుడో కొంగ అయిపోయింది.

"హైదరాబాదే," అన్నాడు శ్రీహితతో. ఊరి మలుపు దాటేదాకా కారును హైదరాబాదు వైపే నడిపి, తర్వాత దక్షిణానికి తిప్పాడు.

*

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్క శిల్పుల శాలల్లో ఉలుల చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. మూడో శాల ముందు లారీ ఆగి ఉంది. పదకొండింటికి చెన్నై హార్బరుకు బయలుదేరాలి. ఏదో దేశంలో కొత్తగా కట్టిన గుడికి పన్నెండుమంది ఆళ్వార్లు, పన్నెండు చెక్కపెట్టెలు. టైము పదీ నలభై.

పెట్టెలు కట్టే ఏసయ్య నలభై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఆయన చేత్తో మేకు కొట్టని దేవుడు ఆ జిల్లాలో తక్కువ. పార్థు ఏదో కస్టమ్స్ కార్డు చూపించి, స్కానర్ తీసి పెట్టెలన్నిటి మీదా తిప్పాడు. పన్నెండు చోట్లా అది రాయి అని చూపించింది. ఆ మాట ఏసయ్యను అడిగినా చెప్పేవాడు.

పది నలభై ఆరు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, లారీని ఆపే అధికారం లేని ఆఫీసు అతనిది. గడియారంలో సిగ్నల్ నొక్కాడు. సాయం రావడానికి ఇరవై నిమిషాలు. పన్నెండు విగ్రహాలనూ పగలగొట్టేంత టైము లేదు, ఉన్నా ఏసయ్య ఊరుకోడు.

"పైపలకలు తియ్యి పెద్దాయనా. ముఖాలు చూస్తా, చాలు," అన్నాడు.

మొదటి పెట్టెలో గడ్డి తప్పించాడు. ముక్కు, పెదవులు, నామం అన్నీ తీర్చి ఉన్నాయి. కళ్ల చోట మాత్రం నున్నటి ఉబ్బు. రెండోది, మూడోది, అంతే. కళ్లు తెరవడం ఆఖరి పని. విగ్రహం గుడికి చేరి, ముహూర్తం కుదిరి, అర్చకులు పక్కనుండగా శిల్పి బంగారు సూదితో కనుపాపలు గీస్తాడు. అప్పటిదాకా అది రాయే. నాయన పక్కన దీపం పట్టుకుని ఆ తంతు పదిసార్లు చూశాడు పార్థు.

తొమ్మిదో పెట్టెలో గడ్డి తీయగానే విగ్రహం అతని వైపు చూసింది. రెండు కనుపాపలు, రెప్పలు, కొనల్లో గీతలతో సహా. ఏ ఊళ్లోనో మెషీన్ మీద కోసినవాడు ఫోటో చూసి అందంగా పూర్తి చేసేశాడు.

ఏసయ్య సుత్తి కింద పెట్టేశాడు. "ఇది మాది కాదప్పా, రాత్రికి రాత్రి ఎవురో మార్చినారు. కండ్లు తెరిసిన సామిని పెట్టెలో పెట్టి మేకులు కొడతామా?"

ఇద్దరూ కలిసి పక్కకు వంచారు. పీఠం అడుగున సిమెంటు బిళ్ళ. రెండు దెబ్బలకు ఊడింది. లోపల దూదిలో చుట్టి రాచ్చిప్ప, దాని మీద అమృత అక్షరాలు. పార్థు దాన్ని రెండు చేతులతో బయటికి తీశాడు.

అప్పుడే కరెంటు కారు చప్పుడు లేకుండా వచ్చి గేటు దగ్గర ఆగింది. ముందు శ్రీహిత దిగింది, ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు కొంగు చాటున ఉంది. వెనక సీట్లోంచి ఇద్దరు మనుషులు. వాళ్ల మధ్య అమృత. పార్థు కారు దక్షిణానికి తిరిగిందని తన మనుషులు చెప్పగానే, నీ రాచ్చిప్ప ఎత్తుకెళ్ళినవాణ్ణి చూపిస్తానని శ్రీహిత ఆమెను తీసుకొచ్చింది. చూపించింది కూడా.

"నీ మెంటర్. పేరు అభిషేక్ కాదు, పార్థు. బెంగళూరు కాదు, అహోబిలం. ఏడు నెలలుగా నీ గురించి వారం వారం రిపోర్టు రాస్తున్నాడు. గాదె సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే," అంది శ్రీహిత.

అమృత అతని ముఖం వంక చూసింది. కాదని అంటాడేమోనని చూసింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

పిస్తోలు అమృత వైపు తిరిగింది. "రాచ్చిప్ప పెట్టెలో పెట్టు. లారీ పోతుంది. ఈ అమ్మాయి ఇంటికి పోతుంది."

కరుణాకర్ కూడా ఇంటికి పోవాల్సినవాడే. సరుకు చేతికి వచ్చిన మరుక్షణం ఇక్కడ ముగ్గురు సాక్షులు మిగలరని పార్థుకు తెలుసు. సరుకే లేకపోతే మాత్రం తూటా ఖర్చుపెట్టే మనిషి కాదు శ్రీహిత, లాభం లేని పని చేయదు. సాయం రావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలు. పక్కనే పాలిష్ చేసిన నల్లరాతి బండ ఎండకు కాగుతోంది. అతను రాచ్చిప్పను భుజం ఎత్తుకు లేపాడు.

అమృతకు అర్థమైంది. అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

"వద్దు అభీ," అంది. అప్పటికీ ఆ పేరే వచ్చింది నోటికి. "ఇచ్చెయ్. వాళ్లే తీసకపోనీ. వాళ్ల పేరే రాసుకోనీ. యాడో ఒకాడ బతికుంటాది గదా. పగలగొట్టొద్దు."

"ఇస్తే నిన్ను బతకనీదు అమృతా," అన్నాడు పార్థు. ఏడు నెలల్లో మొదటిసారి తన సొంత గొంతుతో మాట్లాడాడు. "నేను సూస్తా సూస్తా నిన్ను పోగొట్టుకోలేను. నాకు చేతగాదు."

వదిలేశాడు.

రాయి మీద రాయి పగిలిన చప్పుడుకు చుట్టుపక్కల శాలల్లో ఉలులు ఆగిపోయాయి. నల్లటి బురద బండ మీద పరుచుకుంది. అమృత ఆ ఇద్దరినీ తోసుకుని వచ్చి మోకాళ్ల మీద పడింది. చున్నీతో కప్పింది, రెండు చేతులతో బురద దగ్గరికి తీసింది, ఏసయ్య తాగే నీళ్ల బిందె తెచ్చి ఇస్తే పోసింది. ఎండలో, గాలిలో, ఆమె వేళ్ల మధ్యనే అది కొంచెం కొంచెంగా గోధుమరంగుకు తిరిగింది. పూర్తిగా తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది. తర్వాత చేతులు తీసేసింది.

శ్రీహిత ఆ మట్టి వంక చూసి, గడియారం చూసుకుని, పిస్తోలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మంచి సరుకు పాడుచేశావని, మనుషులతో కారెక్కింది. చాగలమర్రి దాటకముందే ఆమె కరెంటు కారుకు మూడొందల గొర్రెలు అడ్డం వచ్చాయి. గొర్రెలకు హారన్ అంటే లెక్కలేదు. వెనక నుంచి చక్రపాణి మనుషులు నింపాదిగా వచ్చి తలుపు తీశారు.

లారీ కదలలేదు. పేటెంట్ లేదు. కొంగ ఖాళీ ముక్కుతో ఎగిరిపోయింది. మిషన్ సక్సెస్ అని చక్రపాణి ఫోనులో అన్నప్పుడు పార్థు బండ పక్కన కూర్చుని రాచ్చిప్ప పెంకులు ఏరుతున్నాడు. అమృత ఎప్పుడు వెళ్ళిపోయిందో అతనికి తెలియదు. ఏసయ్య వచ్చి, ఆ పాప నడిచే పోయిందప్పా, ఎండలో, బస్టాండు దాకా, అని చెప్పాడు.

*

పది రోజులకు పార్థు బండి ఆత్మకూరు వెళ్ళాడు. మిషన్ ముగిశాక ఆ ఊరి పొలిమేర తొక్కకూడదని రూలు. తొక్కాడు. చేతిసంచిలో ఎన్‌డీఏ కాగితాలు, చీటీ అంటుకున్న ఒక పెంకు ఉన్నాయి. క్షమాపణకు ఏ మాటలు వాడాలో దారి పొడుగునా వెతుక్కున్నాడు, ఒక్కటీ సరిపోలేదు.

కమలాక్షమ్మ అరుగు మీద సెనక్కాయలు ఒలుస్తోంది. కోప్పడలేదు. కూర్చోమని చెంబుతో నీళ్లిచ్చింది. కూతురు ఆ పొద్దు ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుందట. మూడు రోజులు అన్నం ముట్టలేదు, ఏమైందో చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం, అమ్మా, నిమ్మళం ఈ లోకంలో యాడా లేదు, ఇంక పుట్టదు అని ఏడ్చిందట.

"అప్పుడు జెప్పినా," అంది కమలాక్షమ్మ. "యాడా లేకుండ యాడికి పోతాది? తోడు తీసకపోయినోళ్ల మడిలో లేదా?"

పార్థుకు వెంటనే అర్థం కాలేదు.

"రెండేండ్లు ఆయె. పక్కింటామె గిన్నె తెచ్చుకుని వచ్చె, మా మడి బుస కొడతాండాది, నీ మడి బురద రవ్వంత పెట్టు అక్కా అని. నీళ్లలోనే ముంచి, నీళ్లతోనే ఇచ్చినా. ఆమె జూసి ఇంకొకామె. నువ్వొచ్చినాంక గూడ ఇద్దరికిచ్చినా. మొత్తం పదకొండు ఇండ్లు."

"ఎన్‌డీఏ మీద సంతకం పెట్టారు కదమ్మా," అన్నాడు పార్థు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"చెప్పగూడదంటిరి, చెప్పలా. ఇయ్యగూడదని యాడ రాసిండారు?" ఆమె నిజంగానే అడిగింది. "తోడు అడిగినోళ్లకు లేదంటామా నాయనా?"

అతను అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఏడు నెలలు ఈ ఇంటి చుట్టూ తిరిగాడు. సంకేతాలు విప్పాడు, వాహనాల నంబర్లు రాశాడు, పెన్నుతో ఫోటోలు తీశాడు. ఈ అమ్మను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆళ్ళగడ్డలో రాచ్చిప్ప పగలగొట్టేటప్పుడు అమృతకు ఒక్క మాట చెప్పగలిగేవాడు, భయపడొద్దు, మీ ఊరి నిండా ఉందని. ఆ ఐదు నిమిషాలు ఆమె ఆ బురద మీద పడి ఉండేది కాదు.

అమృత పొలం నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో గ్యాస్ మీటర్. చిక్కిపోయింది. అతన్ని చూసి ఆగింది, వెనక్కి పోలేదు.

పదకొండు మడుల్లో తొమ్మిది చప్పుడు లేకుండా ఉన్నాయని, ఆఫీసు పని చెప్పినట్టు చెప్పింది. ఊరందరి దగ్గరా ఉన్నదాని మీద ఇక ఎవరూ పేటెంట్ రాయించుకోలేరు, కొంగ కాదు, తనూ కాదు. డెక్ మళ్లీ మొదటి నుంచి రాస్తోంది. అమ్మేది సూక్ష్మజీవిని కాదు. ఏ మడికి ఎప్పుడు తోడు వేయాలో, వేశాక ఎంత తగ్గిందో కొలిచి చెప్పే పనిని. మొదటి స్లైడులో గిన్నె బొమ్మ. పదిమంది రైతులు మొన్ననే సంతకాలు పెట్టారు.

పదిమంది. ఆ లెక్క ఇద్దరికీ గుర్తుంది.

"నా పేరు పార్థు," అన్నాడు. "మాది అహోబిలం. చెప్పినవాటిలో మిగతావన్నీ నిజమే అమృతా. ఆ మడిలో నిలబడినప్పుడు నేను నేనే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, చేతులకు బురద ఉంది.

"అభిషేక్‌ను అడగాల్సిన మాటొకటి ఉండె," అంది. "ఆయప్ప లేకపాయె. నువ్వెవురో నాకు తెల్దు."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టలేదు, పూర్తిగా మూయనూ లేదు. పార్థు దాని వంక చూస్తూ చాలాసేపు నిలబడి, పెంకును అరుగు మీద పెట్టి మెట్లు దిగాడు. కమలాక్షమ్మ వెనక నుంచి, గిన్నెన్నా తెచ్చుకోకపోతివే నాయనా అంది. వట్టి చేతులతో పంపడం ఆమెకు అలవాటు లేదు.

దారిలో కాలవ పక్క కారు ఆపి, ఎవరిదో తెలియని మడిలో బూట్లు విప్పి దిగాడు. బుడగ లేవలేదు. బురద చల్లగా కాలిని లోపలికి తీసుకుంది. అక్కడ, చుట్టూ ఎవరూ లేరని ట్రైనింగు ప్రకారం మూడుసార్లు చూసుకుని, ఏడ్చాడు.

సోమవారం చక్రపాణికి ఆఖరి రిపోర్టు పంపాడు. రహస్యం పొక్కిన మార్గం అన్న గడిలో 'పెరుగు గిన్నె' అని రాశాడు. వ్యక్తిగత నష్టం అన్న గడి దగ్గర కాసేపు ఆగి, 'ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు. సంతకం మాత్రం సొంత పేరుతోనే పెట్టాడు.